తాబేటి గ్రుడ్ల కావలి



గ్రంథాలయ రజతోత్సవ సభలో సముద్రపు తాబేళ్ల ప్రసంగమేల యని కొందరికి సందేహము కలుగవచ్చును. దీనికి సమాధానము కేరళ రాష్ట్రమున, కోజికోడ్ జిల్లాలో, పయ్యోళి సమీపమున నున్న కొళావిపాలం అను పల్లెలో దొరకును. 1992 ప్రాంతమున ఆ పల్లెలోని కొందరు యువకులు ఒక ఆంగ్ల దినపత్రికలో సముద్రపు తాబేళ్లను గూర్చిన వ్యాసమును చదివిరి. వారు చేపలు పట్టి జీవించు కుటుంబములవారు. తమ యూరి యిసుకలో ఏటేట గ్రుడ్లు పెట్టిపోవు ప్రాణి లోకమున అంతరించిపోవు ప్రమాదములో నున్నదని వారికి అంతవరకు తెలియదు. ఆ గ్రుడ్లను త్రవ్వి తినుటయు, అమ్ముటయు ఆ తీరమున వాడుక. వ్యాసము చదివిన పిమ్మట ఆ యువకులే రాత్రులు తీరమున కావలి కాయ నారంభించి, 'తీరం ప్రకృతి సంరక్షణ సమితి' యను పేర సంఘముగా ఏర్పడిరి. పత్రికలో అచ్చయిన ఒక వ్యాసము ఒక తీరమునకు కావలివారిని ఇచ్చినది. గ్రంథాలయమునకు ఇంతకన్న దగ్గరి సంబంధము మరియేమి కావలెను?

ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమమును నడపినవారును ఇట్టి చిన్న సంఘములవారే. 1935లో గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణముగారు కాలువలో పడవమీద గ్రంథాలయమును నడిపించి, ఒడ్డున నున్న పల్లెలకు పుస్తకములను చేర్చిరి. జీతము కోరక, ఫలము తమ కన్నులయెదుట కనబడునో లేదో యను చింత లేక చేయు పనికే స్వచ్ఛంద సేవ యని పేరు. సముద్రతీరమున అట్టి సేవ యెట్లు జరుగునో, దానివలన ఏమి సాధ్యమో, ఏమి సాధ్యము కాదో వివరించుటయే ఈ ప్రసంగ విషయము.

మొదట ఆ ప్రాణిని గూర్చి రెండు మాటలు. బంగాళాఖాతపు తీరమున హెచ్చుగా గ్రుడ్లు పెట్టు సముద్రపు తాబేటికి 'ఆలివ్ రిడ్లే' యని పేరు. దీని డిప్ప రెండడుగులకు కొంచెము మించి పొడవుండును. బరువు నలుబది కిలోల ప్రాంతము. ఇది బ్రదుకంతయు నీటిలోనే గడపును గాని చేపవలె నీటిలో ఊపిరి తీయజాలదు. గాలికొరకు మాటిమాటికి పైకి రావలసినదే. ఆడ తాబేలు మాత్రము గ్రుడ్లు పెట్టుటకు నేలపైకి వచ్చును. చలికాలము నడుమనుండి వేసవి మొదటివరకు, రాత్రివేళ, అలల మీదుగా ఒడ్డునకు ప్రాకి, పోటునీరు అందని చోటు చూచుకొని, వెనుకకాళ్లతో సుమారు అడుగున్నర లోతు గుంట త్రవ్వును. అందులో నూరు, నూటయిరువది గ్రుడ్లు పెట్టి, ఇసుక కప్పి, తన బరువుతో అదిమి, మరల సముద్రమునకు పోవును. అప్పుడు దాని కన్నులనుండి నీరు కారుచుండును. అది దుఃఖము కాదు. ఒంటిలోని అధికమైన ఉప్పును వెలికి పంపు ఏర్పాటు. గ్రుడ్లను పొదుగునది తల్లి కాదు, ఇసుకలోని వేడి. నలుబదియైదు మొదలు అరువది దినములలో పిల్లలు వెలువడును. ఇసుక చల్లగా నున్నచో మగపిల్లలును, వేడిగా నున్నచో ఆడపిల్లలును హెచ్చుగా పుట్టుట మరియొక వింత.

పుట్టిన పిల్లకు దారి చెప్పు పెద్దలు లేరు. చీకటి రాత్రి తీరమున అన్నిటికన్న వెలుతురైన దిక్కు సముద్రమే. నక్షత్రముల వెలుగును, చంద్రుని వెలుగును నీటిపై ప్రతిఫలించును. పిల్ల ఆ వెలుగువైపు పరుగిడును. వేల యేండ్లుగా ఈ ఏర్పాటు తప్పలేదు. కాని మానవుడు తీరమున విద్యుద్దీపములు నిలిపిన పిమ్మట వెలుగు ఊరివైపునకు మారినది. పిల్లలు సముద్రమును విడిచి రోడ్డు ఎక్కి, బండ్ల క్రింద నలిగియు, కాకులకును కుక్కలకును చిక్కియు, తెల్లవారి ఎండకు మాడియు చచ్చుచున్నవి. సముద్రము చేరినవాటిలోను వేయింట ఒకటి మాత్రమే పెరిగి పెద్దదగునని సామాన్యముగా చెప్పుదురు. అది పెద్దదై గ్రుడ్లు పెట్టుటకు పది పదునైదు సంవత్సరములో, అంతకు మించియో పట్టును. ఈ యొక్క లెక్క తెలిసినచో తక్కిన విషయమంతయు తేటపడును.

తాబేటి గ్రుడ్లను కాచు పనికి భారతదేశమున మదరాసు తీరము తొలి పాఠశాల. 1970ల తొలినాళ్లలో, మదరాసు సర్పోద్యానమును నెలకొల్పిన రోములస్ విటేకర్, ఆయనతో కలిసి పనిచేసిన సతీష్ భాస్కర్ మొదలగువారు రాత్రులు తీరము వెంబడి నడచి, గ్రుడ్లను సేకరించి, కంచె వేసిన చోట పొదిగించుట మొదలిడిరి. సతీష్ భాస్కర్ చదువు విడిచి, తాబేళ్ల జాడలకై దేశపు తీరములను కాలినడకను వెదకినవాడు. 1982 వర్షకాలమున లక్షద్వీపములలోని సుహేలి దీవిలో, మరొక మనుష్యుడు లేనిచోట, నెలల తరబడి ఒంటరిగా ఉండి తాబేళ్లను పరిశీలించెను. అక్కడనుండి ఇల్లాలికి జాబు వ్రాసి సీసాలో పెట్టి సముద్రమున వదలగా, అది సింహళమున ఒక మత్స్యకారునికి దొరకి, ఆయన దయవలన ఆమెకు చేరినది.

పిదప కొంతకాలము ప్రభుత్వ శాఖలు ఈ పనిని జరిపినవి. 1988లో కళాశాల విద్యార్థులు కొందరు దీనిని తమ భుజములపై వేసికొని, విద్యార్థుల సముద్ర తాబేళ్ల సంరక్షణ సంఘముగా నేర్పడిరి. ఆ తొలి విద్యార్థులలో నొకడైన కార్తిక్ శంకర్ తరువాత బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్యుడై, తాబేళ్లను గూర్చి గ్రంథములు వ్రాసెను. విద్యార్థులు చదువు ముగించి వెడలిపోవుచుందురు, క్రొత్తవారు వచ్చుచుందురు. సంఘము మాత్రము నిలిచియున్నది.

ఆ సంఘమువారి పని చూచుటకు సులభము, చేయుటకు కష్టము. జనవరి మొదలుకొని వేసవివరకు, నీలాంకరై నుండి బెసంట్ నగర్ వరకు సుమారు 7 కిలోమీటర్ల దూరము, అర్ధరాత్రి దాటువరకు ఇసుకలో నడువవలెను. ఇసుకపై తాబేటి జాడ చిన్న బండి చక్రము పోయినట్లు ఉండును. వచ్చిన జాడ, పోయిన జాడ, నడుమ కలతపడిన ఇసుక కనబడినచో అక్కడ గూడు ఉన్నదని గుర్తు. సన్నని కఱ్ఱతో మెల్లగా గ్రుచ్చి చూచుదురు. ఇసుక బిగువు తప్పిన చోట చేతితోనే త్రవ్వుదురు, పార వాడరు. గ్రుడ్లను లెక్కించి, సంచిలో పెట్టి, కంచెలోనికి తెచ్చి, తల్లి త్రవ్విన లోతుననే, అదే రూపున గుంట త్రవ్వి పాతుదురు. ఈ పని కొద్ది గంటలలోనే ముగియవలెను. ఆలస్యమైనచో లోని పిండము గ్రుడ్డు గోడకు అంటుకొనును. అటుపిమ్మట గ్రుడ్డును దొర్లించినచో పిండము చచ్చును. ప్రతి గుంటకును తేది, దొరకిన చోటు, గ్రుడ్ల సంఖ్య వ్రాసిన గుర్తు నిలుపుదురు. నలుబదియైదు దినములు గడచిన పిమ్మట పైన బుట్ట బోర్లించి, రాత్రింబవళ్లు కనిపెట్టియుందురు.

పిల్లలు వెలువడినపుడు వానిని నేరుగా నీటిలో విడువరు. తీరమున కొంతదూరమున ఇసుకపై విడిచి, తమంతట తాము నడచిపోనిత్తురు. ఆ నడక వానికి మేలు చేయునని, పుట్టిన తీరమును గుర్తుంచుకొనుటకు తోడ్పడునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. చేతిలో పట్టుకొని ఛాయాచిత్రము తీయించుకొనవలెనని ముచ్చటపడువారికి సేవకులు మర్యాదగా 'వలదు' అని చెప్పుదురు. ప్రాణిని ముట్టుకొనుట సేవ కాదు, దానికి దారి విడుచుటయే సేవ యను పాఠము అక్కడ నేర్వదగినది.

ఇందులో సగము పని తాబేళ్లకొరకు కాదు, మనుష్యులకొరకు. వారాంతపు రాత్రులయందు నగరవాసులను, బడిపిల్లలను వెంటబెట్టుకొని నడచుదురు. నడకకు ముందు ఇసుకపై కూర్చుండబెట్టి, తాబేటి జీవితమును, తీరపు కష్టములను వివరింతురు. అనేక రాత్రులు తాబేలు కనబడనే కనబడదు. అయినను ఆ రాత్రి వ్యర్థము కాదు. తీరమున దీపము లేకున్న చీకటి యెట్లుండునో, ఇసుక యెంతటి ప్రాణులకు ఇల్లో, మురికికాలువ సముద్రమున కలియుచోట ఏమి జరుగుచున్నదో వచ్చినవారు తమ కన్నులతో చూతురు. మరునాడు తమ మేడమీది దీపము ఆర్పు గృహస్థుడు ఒక్కడు తేలినను ఆ నడక ఫలించినట్లే.

ఇంతవరకు చెప్పినది సేవ యొక్క సౌందర్యము. ఇక దాని హద్దులను గూర్చి చెప్పక తప్పదు. ఏ సంఘమైనను తాను సముద్రమున విడిచిన పిల్లల సంఖ్యను ఉత్సాహముతో ప్రకటించును. ఆ సంఖ్య పెద్దదే. కాని వేయింట ఒకటి మాత్రమే పెరుగునని ముందే చెప్పుకొన్నాము. పదిహేనేండ్లు బ్రదికి, తీరమునకు వచ్చు పెద్ద తాబేలు ఒకటి చచ్చినచో, వేయి పిల్లలను విడిచిన శ్రమ దానితో చెల్లిపోవును. ఆ చావు సముద్రమున జరుగుచున్నది. మరపడవలవారు లాగు ట్రాలు వలలో చిక్కిన తాబేలు గాలికొరకు పైకి రాలేక నీటిలోనే ఉక్కిరిబిక్కిరియై చచ్చును. 2025 జనవరిలో చెన్నై పరిసర తీరమునకు చచ్చిన తాబేళ్లు వందలకొలది కొట్టుకొనివచ్చినవి. ఆ యేడే ఫిబ్రవరిలో ఒడిశాలోని ఋషికుల్య నదీముఖమున ఆరున్నర లక్షలకు పైగా తాబేళ్లు సామూహికముగా గ్రుడ్లు పెట్టినవని అటవీశాఖ ప్రకటించెను. ఒక తీరమున పండుగ, ఒక తీరమున శ్మశానము. రెండును ఒకే సముద్రము.

అట్లని మత్స్యకారుని దోషిగా నిలుపుట న్యాయము కాదు. 1970లలో ఒడిశా తీరమునుండి వేలకొలది తాబేళ్లు కలకత్తా విపణికి మాంసముకొరకు రైళ్లమీద పోయినవి. వానిని తిన్నవారు నగరవాసులు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున ఈ తాబేళ్లను మొదటి షెడ్యూలులో చేర్చిన పిమ్మట ఆ వ్యాపారము క్రమముగా అణగినది. నేడు ఒడిశాలో గహిరమఠ తీరమునను, దేవి, ఋషికుల్య నదీముఖముల యెదుటను నవంబరు 1 మొదలు మే 31 వరకు, తీరమునుండి 20 కిలోమీటర్ల లోపల చేపల వేటపై నిషేధము కలదు. ఏడు నెలలు వేట లేకున్నచో చిన్న పడవవాని పొయ్యిలో పిల్లి లేచునా? తాబేళ్లకొరకు అందరును సంతోషింపగా, దాని ఖర్చు ఒక్క బీదవాని సంచినుండి తీయుట ధర్మమా? తీరసేవకు పోవు యువకులు మొదట తమను తాము అడుగవలసిన ప్రశ్న యిది.

దీనికి మంచి సమాధానములు కొన్నిచోట్ల వెదకబడినవి. ట్రాలు వలలో ఇనుప చట్రమును అమర్చి, చేపలు లోనికి పోవునట్లును, తాబేలు పైనున్న సందునుండి తప్పించుకొనునట్లును చేయవచ్చును. దానితోపాటు కొంత పట్టు జారిపోవునని పడవలవారి ఫిర్యాదు. ఆ నష్టమును ఎవరు భరింతురని తేల్చనంతకాలము ఆ చట్రము ఒడ్డుననే ఉండిపోవును. మహారాష్ట్ర ప్రభుత్వము 2018 చివర నొక పథకము తెచ్చినది. వలలో చిక్కిన తాబేలు మొదలగు రక్షిత ప్రాణిని వల కోసి విడిచిపెట్టిన మత్స్యకారునికి, వల నష్టమునకు గాను 25,000 రూపాయల వరకు పరిహార మిత్తురు. అదే రాష్ట్రమున రత్నగిరి జిల్లాలోని వేళాస్ అను పల్లెలో, 'సహ్యాద్రి నిసర్గ మిత్ర' యను చిన్న సంఘము 2002లో గ్రుడ్ల కాపుదల నారంభించినది. పిల్లలు వెలువడు దినములలో చూడవచ్చు అతిథులకు పల్లెవారు తమ యిండ్లలోనే బసయు, భోజనమును ఏర్పరచి ఆదాయము పొందుచున్నారు. ఒకప్పుడు గ్రుడ్లు త్రవ్వుకొనిపోయిన తీరముననే గూటికి కావలి నిలిచినది. ధర్మము బోధించుటకన్న ధర్మమున బ్రదుకుతెరువు చూపుట మేలు.

ఇక కొళావిపాలం యువకుల కథలో తరువాత జరిగినది వినదగినది. వారు గ్రుడ్లను కాచిరి, అటవీశాఖయు తోడుపడినది. తీరమునకు తాబేళ్లు వచ్చినవి, పిల్లలు పోయినవి. కాని సమీపమున నదీముఖమున ఇసుక త్రవ్వకము సాగినది. నది తెచ్చిపోయు ఇసుకయే తీరమునకు ఆహారము. దానిని లారీలకెత్తిన పిమ్మట తీరము సన్నగిల్లి, అలలు నేలను కోసినవి. కోతను ఆపుటకు వేసిన రాళ్లగోడను తాబేలు ఎక్కజాలదు. ఏటికి పదుల సంఖ్యలో ఉండిన గూళ్లు క్రమముగా వ్రేళ్లపై లెక్కింపదగినన్నియైనవి. అప్పుడు ఆ యువకులు గ్రుడ్లను విడిచి ఇసుకకొరకు పోరాడవలసివచ్చినది. ఇసుకపనిమీద బ్రదుకువారు తమ యిరుగుపొరుగువారే. కావున ఆ పోరాటము కుక్కలను తోలినంత సులభము కాలేదు. వారు మడమొక్కలను నాటి, కోతను ఆపుటకు ప్రయత్నించిరి. తాబేటికి ఇల్లు పోయినచోట మత్స్యకారుని యింటికిని పునాది పోవునని వారి అనుభవము చాటుచున్నది. గ్రుడ్లను కాచుటతో మొదలైన పని ఊరిని కాచుకొను పనిగా మారినది.

తెలుగువారికి ఈ విషయము పరాయిది కాదు. శ్రీకాకుళము మొదలు నెల్లూరు వరకు ఆంధ్రతీరమున అనేక చోట్ల ఈ తాబేళ్లు గ్రుడ్లు పెట్టును. కాకినాడ యెదుటనున్న హోప్ దీవియు, కృష్ణానది సాగరసంగమ ప్రాంతమును అందుకు పేరుగన్న చోట్లు. 1994లో శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చిన ఋషికుల్య సామూహిక స్థలము గంజాం జిల్లాలోనిది. ఆ తీరపు మత్స్యకారులలో తరతరములుగా తెలుగు మాటలాడువారు అనేకులు కలరు. అక్కడి పల్లెల యువకులు తామే సంఘముగా నేర్పడి, కంచెలు కట్టి, దారితప్పిన పిల్లలను బుట్టలకెత్తి సముద్రమునకు చేర్చుచున్నారు. శ్రీకూర్మమున విష్ణువును కూర్మరూపమున కొలుచు జాతికి తాబేటిని గౌరవించుట క్రొత్తగా నేర్పనక్కరలేదు. గుడిలో దేవుడైన ప్రాణి గట్టున దిక్కులేనిది కాకూడదని జ్ఞాపకము చేయుట చాలును.

సేవకు పోగోరు యువతీయువకులకు ఈ సంఘముల అనుభవమునుండి కొన్ని సూచనలు లభించును. మొదటిది: ఒకనాటి ఉత్సాహముకన్న మూడు మాసముల క్రమము మేలు. గ్రుడ్లు సెలవు దినము చూచి పెట్టబడవు. రెండవది: గూడు ఉన్నచోటనే క్షేమముగా నుండగలిగినచో దానిని కదలింపరాదు. కంచెలోనికి తెచ్చుట గత్యంతరము లేనపుడు చేయు చికిత్స. గొప్పతనమునకు గుర్తు కాదు. మూడవది: ప్రతి రాత్రి చూచినది పుస్తకమున వ్రాయవలెను. గూడు దొరకని రాత్రిని కూడ వ్రాయవలెను. చచ్చిన తాబేటిని కొలిచి, తేది వేసి వ్రాయవలెను. పదిపదునైదేండ్ల లెక్కలు ఒకచోట చేరినపుడే తీరమునకు ఏమగుచున్నదో తెలియును, అధికారులకు చూపుటకు ఆధార ముండును. నాలుగవది: పల్లెవాని మాట ముందు వినవలెను. గాలి, పోటు, పాటు, ఇసుక కదలిక ఆయనకు తెలిసినంతగా నగరమునుండి వచ్చిన విద్యావంతునికి తెలియవు.

మూడవ సూచనతో ప్రసంగము మరల గ్రంథాలయపు గడపకు చేరినది. సేవకులు మారుదురు, ఉద్యోగములకు పోవుదురు, పెండ్లిండ్లు చేసికొందురు, ముసలివారగుదురు. వారు వ్రాసిన పుస్తకము భద్రపరచబడినచో పని మారదు. తీరమునకు సమీపమున నున్న ప్రతి గ్రామ గ్రంథాలయమును ఒక తీర దినచర్య పుస్తకమును ఉంచదగును. తాబేలు వచ్చిన తేది, సముద్రము కోసిన గట్టు కొలత, వలలో పడు చేపల రకములలో మార్పు, ఇవి మత్స్యకారుల నోట విని, చదువుకొన్న పిల్లలు వ్రాయవచ్చును. తీరము లేని గ్రామమున చెరువు లెక్క వ్రాయవచ్చును: నిండిన తేది, ఎండిన తేది, వచ్చిన కొంగలు, పోయిన చేపలు. ఇందుకు కావలసినది ఒక పుస్తకము, ఒక కలము, వారమునకు ఒక గంట. గ్రుడ్డు పెట్టిపోయిన తాబేలు తన పిల్లను చూడదు. పుస్తకము కొని బీరువాలో పెట్టిన గ్రంథాలయ స్థాపకుడును ముప్పదియేండ్ల తరువాత దానిని చదివి మేల్కొను బాలుని చూడకపోవచ్చును. చూడలేని ఫలముకొరకు శ్రమించువారు ఉన్నంతకాలము తీరమునకును, గ్రామమునకును దిక్కున్నది.

ఈ గ్రంథాలయము తన యిరువదియైదేండ్లలో అట్టి శ్రమను ఎరుగును. రానున్న యిరువదియైదేండ్లలో దీని బల్లమీద తెరచియుంచిన ఏ పత్రికయో, ఏ పుస్తకమో చదివి ఈ యూరి యువకులు నలుగురు ఒక మంచిపనికి కలిసికట్టుగా లేచినచో, రజతోత్సవము సార్థకమైనట్లే. స్వస్తి.